చెట్టునకు నీడ, చేతికి విశ్రాంతి

పుష్యమాసమున లంబసింగికి వచ్చి చూచినవారికి, ఈ యూరికి కొర్రబయలు అను పేరేల వచ్చినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. రాత్రివేళ బయట నిలిచినవాడు తెల్లవారుసరికి కఱ్ఱవలె బిగిసిపోవును గనుక ఆ పేరు వచ్చినదని ఇచ్చటివారందురు. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున, చింతపల్లి మండలములో నున్న యీ చిన్నపల్లెకు చలికాలమున మైదానములనుండి జనులు మంచు చూచుటకై బండ్లు కట్టుకొని వత్తురు. తెల్లవారుజామున వారు దుప్పట్లు కప్పుకొని, వేడి టీ చేత పట్టుకొని, మేఘములలో నిలిచితిమని మురిసిపోవుచుందురు. అదే గడియలో, అదే మంచులో, నెత్తిమీద బుట్టలతో, పలుచని చీరకొంగు చెవులకు చుట్టుకొని, కాఫీతోటలకు పోవు స్త్రీలు వారి ప్రక్కనుండియే నడచిపోవుచుందురు. మంచును చూచువారు పెక్కుమంది. మంచులో నడచువారిని చూచువారు కొందఱే.

ఆ నడచువారిని గుఱించి సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పవలెనని మా కోరిక. ఉదయము లేచి కాఫీ త్రాగని యిల్లు మనలో నేడు అరుదు గదా. ఆ కాఫీ కోసిన చేయి ఎట్లున్నదో, ఎంతకాలము కోయగలదో తెలిసికొనుట మనకు పరాయి సంగతి కాదు.

కాఫీమొక్కను పెంచు విధము మేమిచ్చటివారివలననే నేర్చుకొంటిమి. నాటిన మూడు నాలుగేండ్లకు గాని అది కాపునకు రాదు. ఆ తరువాత శ్రద్ధతో చూచుకొన్నచో దశాబ్దములపాటు కాయును. దానిని బొత్తిగా ఎండకు వదలరాదు. పైని సిల్వర్ ఓకు, పనస, మామిడి మొదలగు చెట్ల నీడ యుండవలెను. ఆ సిల్వర్ ఓకు మ్రాకులకే మిరియపు తీగను ప్రాకింతురు. ఒక యేడు శక్తికి మించి కాసిన మొక్కకు నీడయు ఎరువును చాలనిచో కొమ్మలు కొనలనుండి ఎండుకొనుచు వచ్చును. మఱుసటి యేటి కాపు పోవును. అందుచేతనే కోత ముగిసినవెంటనే కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, మొక్కకు తెఱపి యిత్తురు. ఈ విషయములు పరిశోధించుటకు చింతపల్లి దాటిన తరువాత ఆర్.వి.నగరులో కాఫీబోర్డువారి పరిశోధనకేంద్రము కలదు. మన్యపు కాఫీకి 2019లో "అరకు వ్యాలీ అరబికా" అను పేరున భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది మనకందఱకు గర్వకారణమే.

అయితే, చెట్టు ఎన్నేండ్లు కాయవలెనని యింత లెక్క వేయు మనము, కోయు చేయి ఎన్నేండ్లు కోయవలెనని ఎన్నడైన లెక్క వేసితిమా?

కాఫీపండ్లన్నియు ఒక్కమారే పండవు. ఒకే కొమ్మమీద పచ్చికాయయు ఎఱ్ఱని పండును కలసియుండును. పండినవానినే యేఱి కోయవలెను గనుక ఒకే చెట్టువద్దకు మూడు నాలుగు తడవలు రావలెను. ఎడమచేత కొమ్మ వంచి పట్టుకొని, మెడ పైకెత్తి, కుడిచేతి వ్రేళ్ళతో ఒక్కొక్క పండు త్రుంపవలెను. నిలుచున్న నేలయా, వాలు. పిమ్మట నిండిన బుట్టను నెత్తికెత్తుకొని దిగవలెను. సుమారు ఆఱు కిలోల పండ్లు కోసినగాని ఒక కిలో గింజ రాదు. నవంబరు మొదలు సంక్రాంతి దాటువఱకు ఈ పనియే. ఇంటికి వచ్చిన తరువాత నీళ్ళు, కట్టెలు, వంట, పిల్లలు; ఈ రెండవ పనికి కూలి లేదు, సెలవును లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక తోటకు పోయియుంటిమి. పదిమంది స్త్రీలు కోయుచుండగా, ముప్పదియైదేండ్లు దాటని యొకామె రాతిమీద కూర్చుండియుండెను. తక్కినవారి బుట్టలు నిండినవి. ఆమె బుట్ట సగమైన నిండలేదు. మేస్త్రి ఆమెను చూపి, "దానికి ఒళ్ళు బద్దకమండీ, రోజూ ఇంతే" అనెను. మేము దగ్గఱకు పోయి పలుకరించితిమి. ఆమె తలవంచుకొని, "బద్దకం కాదమ్మా. నాలుగు సెట్లు కోసీసరికి గుండె దడదడ కొట్టీసుకుంటాది. కళ్ళు తిరుగుతాయి. కూకుంటే తగ్గుతాది. కూకుంటే తిడతారు" అని చెప్పినది. ముగ్గురు బిడ్డల తల్లి. కడసారి బిడ్డకు అప్పటికి రెండేండ్లు. ఆరోగ్యకేంద్రమునకు వెంటబెట్టుకొనిపోయి పరీక్ష చేయింపగా, ఆమె దేహమున రక్తము ఉండవలసినదానిలో సగమునకు కొంచెము మించి మాత్రమే యున్నదని తేలినది. ఆ దినమునుండి బద్ధకమను మాట ఒకరిని గుఱించి పలుకుటకు మాకు భయము కలుగుచున్నది.

ఆమె కథ ఆమె యొక్కతెది కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని లెక్క తేలినది. దేశము మొత్తముమీద నూటికి 57 మంది. రక్తహీనతకును పనికిని గల సంబంధమును శాస్త్రజ్ఞులు తోటలలోనే పరీక్షించి చూచిరి. శ్రీలంకలోని తేయాకుతోటలలో ఎడ్జర్టన్ మొదలగువారు జరిపిన పరిశోధన 1979లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటింపబడినది. రక్తహీనులైన కూలీలలో కొందఱకు ఇనుపసత్తు గల మాత్రలను, కొందఱకు సత్తులేని మాత్రలను ఇచ్చిరి. రక్తము వృద్ధియైనవారు ఒక నెల గడచుసరికి అంతకు పూర్వముకన్న ఎక్కువ ఆకు కోయసాగిరి. ఆ సంవత్సరమే ఇండోనేసియా రబ్బరుతోటలలో పురుషులమీద జరిగిన మఱియొక పరిశోధనయు ఇదే చెప్పినది. కూలీ మారలేదు, తోట మారలేదు, మేస్త్రి మారలేదు. రక్తము మాత్రమే మారినది. బద్ధకమని మనము పేరుపెట్టినది మందుతో నయమైనచో అది బద్ధకము కాదు గదా!

ఇచ్చట నొక్కమాట. బుట్ట నిండుటకొఱకే కూలీకి మందీయవలెనను తలంపు మాకు లేదు. ఎద్దునకు దాణా పెట్టునట్లు మనిషికి మాత్ర పెట్టుట ధర్మము కాదు. రక్తము వృద్ధియైన స్త్రీ అదే బుట్టను తక్కువ ఆయాసముతో నింపి, సాయంకాలము బిడ్డను ఎత్తుకొని నవ్వుటకు ఓపిక మిగుల్చుకొనవలెను. లాభములో తొలిపాలు ఆ దేహమునకే చెందవలెను.

నీరసమంతయు ఇనుపసత్తు కొఱతయే యనుకొనరాదు. మన్యములో పెక్కు కుటుంబములయందు సికిల్ సెల్ అను వ్యాధి యున్నది. రక్తములోని ఎఱ్ఱకణము గుండ్రముగ నుండుటకు మాఱుగ కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, కీళ్ళయందు, ఎముకలయందు భరింపరాని నొప్పి పుట్టించును. తల్లిదండ్రులిరువురినుండియు ఆ లక్షణము సంక్రమించినవారికి వ్యాధి వచ్చును. ఒకరినుండియే సంక్రమించినవారు సాధారణముగ ఆరోగ్యముగనే యుందురు గాని తమ బిడ్డలకు దానిని ఈయగలరు. మన దేశమున దీనిని మొదట 1952లో నీలగిరి కొండజాతులలోను, ఎగువ అస్సాము తేయాకుతోటల కూలీలలోను కనుగొనిరి. చలి, దాహము, అతిశ్రమ, జ్వరము ఈ నొప్పిని రేపును. లంబసింగి చలికాలపు తెల్లవారుజామున నీళ్ళు త్రాగక కొండయెక్కు కూలీకి ఇవన్నియు ఒక్కమారే కలిసివచ్చునని వేఱుగ చెప్పవలెనా? 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమున, 40 ఏండ్ల లోపు వారిని ఏడు కోట్లమందిని పరీక్షింప సంకల్పించిరి. ఆ పరీక్ష చేయించుకొనుడని మన యెఱిగినవారికి చెప్పుట ఉపకారము. ఈ వ్యాధి గలవారు వైద్యునడుగక ఇనుపమాత్రలు వేసికొనరాదని గూడ చెప్పవలెను.

నేటి రోగము మాట యటుంచి, ఏండ్లతరబడి పని చేయు దేహము ఎట్లు నిలుచునను ప్రశ్నను ఫిన్లాండు దేశమువారు శ్రద్ధతో విచారించిరి. 1981లో అచ్చటి పురపాలక సంఘముల పనివారిని 6,257 మందిని, 44 మొదలు 58 ఏండ్ల వయస్సువారిని, ఎంచుకొని విచారణ మొదలిడి, పదునొకండేండ్లు వెంబడించి చూచిరి. వారిలో ఊడ్చి శుభ్రముచేయువారు, వృద్ధులకు ఇండ్లలో పరిచర్య చేయువారు, నర్సులు, ఉపాధ్యాయులు, వైద్యులు అందఱును ఉండిరి. వయస్సు పైబడినకొలది పనిచేయు శక్తి పలువురికి తగ్గినది. గాని కొందఱకు తగ్గకపోగా పెరిగినది! ఎవరికి పెరిగినది? పైవాడు ఆదరముగ చూచుట మొదలుపెట్టినవారికి, ఒకే కదలికను మాటిమాటికి చేయవలసిన పని తగ్గినవారికి, తీరికవేళ ఒడలికి తగిన వ్యాయామము చేసినవారికి. ఆదరముగల మాట గూడ ఔషధమని మన పెద్దలెఱిగినదే. వారు దానిని లెక్కలలో చూపిరి.

లండను ప్రభుత్వోద్యోగులమీద 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధనయు ఇట్టిదే. గుండెజబ్బు చావులు పెద్ద అధికారులలోకన్న అట్టడుగు ఉద్యోగులలో మూడింతలకు పైగా నున్నట్లు తేలెను. పొగత్రాగుడు, రక్తపుపోటు కొంతవఱకే కారణములు. 1985లో మొదలిడిన రెండవ విచారణలో, తన పనిమీద తనకు పెత్తనము లేకుండుట గుండెకు చేటని కనుగొనిరి. ఎప్పుడు కూర్చుండవలెనో తానే నిర్ణయించుకొనలేని ఆ రాతిమీది స్త్రీ మాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

ఫిన్లాండువారు పనివానిని అడుగు మొదటి ప్రశ్న మిక్కిలి సులభము: "నీవు మిక్కిలి బాగుగ పనిచేసిన నాటి శక్తికి పది మార్కులైనచో, నేటి శక్తికి ఎన్ని?" మఱియొక ప్రశ్న: "రెండేండ్ల తరువాతను ఈ పని చేయగలనని నీకు తోచునా?" ఈ ప్రశ్నలను మేము మాకు పరిచయమైన యొక ముసలమ్మను అడిగితిమి. మొదటిదానికి నవ్వి, నాలుగు వ్రేళ్ళు చూపినది. రెండవదానికి, "రెండేళ్ళ మాట ఎవులికి ఎరుకమ్మా? ఈ సంతకి బియ్యం కావాలి గదా" అన్నది. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. వచ్చు సంతకు బియ్యము లేనివాడు రెండేండ్ల ముందుచూపుతో పనిచేయలేడు. వానికి బదులుగా ఆ ముందుచూపు పని చేయించుకొనువారికి, ప్రభుత్వమునకు ఉండవలెను.

అది లేనప్పుడేమగునో ఈ కొండబాటయే చెప్పును. మైదానమునుండి లంబసింగికి వచ్చువారు నర్సీపట్నమునుండి ఘాటీ యెక్కి వత్తురు గదా. ఆంగ్లేయుల కాలమున ఈ ప్రాంతపు బాటల పనికి బాస్టియన్ అను గూడెము డిప్యూటీ తహశీల్దారు కొండవారిని నిర్బంధించి, చాలిన కూలి యీయక చాకిరి చేయించెను. పోడు వ్యవసాయమునకు అడవిచట్టములు అడ్డుపడి యదివఱకే కడుపు కాలియున్నవారికి ఈ చాకిరి మఱింత కంటకమైనది. గాము గంటందొర, మల్లుదొర సోదరులు ఆ అన్యాయమును ఎదిరించినవారే. అల్లూరి సీతారామరాజు వారికి అండయై, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడి చేయుటతో మన్యపు పితూరీ ఆరంభమైనది. స్వాతంత్ర్యమునకు పిదప మల్లుదొర 1952లో మొదటి లోకసభకు ఎన్నికయ్యెను. నేడీ జిల్లాకు సీతారామరాజు పేరే పెట్టిరి. పితూరీని వీరగాథగా చెప్పుకొను మనము, దాని మొదట రాళ్ళుమోసిన వీపుల నొప్పి యున్నదని మఱవరాదు.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 39వ అధికరణమున, స్త్రీపురుషులైన పనివారి ఆరోగ్యమును బలమును దుర్వినియోగము కారాదనియు, లేమిచేత ఎవరును తమ వయస్సునకు బలమునకు తగని పనిలోనికి దిగవలసిన దుర్గతి రారాదనియు ఆదేశించినది. 1951లో తోటకూలీల చట్టము వచ్చినది. మంచినీరు, వైద్యము, పసిబిడ్డలకు శిశుశాలలు తోట యజమానులు ఏర్పఱుపవలెనని అది విధించినది. ఆ చట్టము 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలో చేర్చబడి, ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. అయితే ఇట్టి నిబంధనలు పెద్దతోటలకే వర్తించునవి. మన్యమున గిరిజనుల కాఫీ చాలవఱకు ఎకరము, రెండెకరముల చిన్నతోటలలోనిది. అచ్చట యజమానురాలును కూలీయు ఒక్కతెయే. ఆమెకు మేస్త్రి లేడు, చట్టమును లేదు. ఆమెను కాపాడవలసినది ఇంటివారి తెలివి, ఇరుగుపొరుగుల సాయము, ఆరోగ్యకేంద్రపు శ్రద్ధ.

ఇది పాశ్చాత్యులనుండి క్రొత్తగ నేర్వవలసిన నీతియు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని ప్రకరణము చదివినవారెఱుగుదురు. వితంతువులకు, అంగవైకల్యము గలవారికి, వృద్ధులైన స్త్రీలకు వారి శక్తికి తగినట్లు నూలు వడుకు పని యీయవలెననియు, ఇల్లు వెడలరాని స్త్రీలకు దాసీలచేత పని పంపవలెననియు, కూలి యిచ్చుటకు ఆలస్యము చేసిన అధికారిని దండింపవలెననియు అందున్నది. మనిషిని పనికి తగినట్లు విఱుచుట కాక, పనిని మనిషికి తగినట్లు మలచుట యనునది నాటికే తెలిసిన ధర్మము.

మఱి గృహిణులమైన మనము చేయగలిగినదేమి? మొదట మన యింటినే చూతము. అందఱు తినిన పిమ్మట మిగిలినది తినుట పాతివ్రత్యమని మనలో కొందఱింకను తలంతురు. అది రక్తహీనతకు దారి. ఆకుకూరలు, మునగాకు, చోళ్ళు, ఉలవలు స్త్రీల విస్తరిలోను పడవలెను. ఉసిరి, నిమ్మ, జామ వంటి పులుపుగల పండ్లు తోడైనచో ఆ యినుము బాగుగ ఒంటబట్టును. భోజనముతో గాని, చేయి కడిగిన వెంటనే గాని కాఫీ, టీ త్రాగినచో అది ఒంటబట్టదు, గంటసేపైన ఎడమీయవలెను. గర్భవతులకు ఆరోగ్యకేంద్రములలో ఉచితముగ నిచ్చు ఇనుపమాత్రలను కడుపులో వికారమని పాఱవేయక, 180 దినములు వాడవలెను. వికారము మిక్కుటమైన వైద్యునికి చెప్పవలెను. ఆయాసము, గుండెదడ, కళ్ళు తిరుగుట కనబడినచో దిష్టి యని ఊరకుండక రక్తపరీక్ష చేయింపవలెను.

వైద్యునియొద్దకు పోయినపుడు మనము చేయు పనినిగూడ చెప్పవలెను. 1700లో రామజ్జీనియను ఇటలీ వైద్యుడు వృత్తిరోగములనుగూర్చి గ్రంథము వ్రాసి, రోగిని "నీవే పని చేయుదువు?" అని తప్పక అడుగవలెనని తోడివైద్యులకు బోధించెను. మూడు శతాబ్దములు దాటినను ఆ ప్రశ్న స్త్రీలను అడుగువారు తక్కువ. అడిగినను "ఏమియు లేదండీ, ఇంటిలోనే" యని మనమే బదులు చెప్పుదుము. పొగలో వంట, నీటికుండలు, రుబ్బుడు, బిడ్డల మోత – ఇవన్నియు పనియేనని మొదట మనము నమ్మవలెను.

ఇక మన యింట పనిచేయువారి సంగతి. చలికాలమున అంట్లు తోముటకు ఒక చెంబెడు వేడినీళ్ళు, కూర్చుండుటకొక పీట, నడుము వంగనక్కఱలేని పొడుగుపిడి చీపురు – వీనికగు వ్యయమెంత? బరువును ఒక్కమారు నెత్తికెత్తక రెండు తడవలుగ మోయనిత్తము. జ్వరము వచ్చి నాలుగు దినములు రానిదానికి జీతము కోయకుందుము. "ఇంకను కాలేదా?" యనుటకు ముందు "ఒంట్లో బాగున్నదా?" యని యడుగుదము. ఫిన్లాండువారి లెక్కలు చెప్పినది ఇంతకన్న వేఱు కాదు.

ఆ రాతిమీది స్త్రీ వైద్యుడు చెప్పినట్లు కొన్ని నెలలు మందు వాడినది. మఱుసటి కోతకాలమున తోటత్రోవలో ఎదురైనది. బుట్ట నిండియుండెను. మేము దానిని చూచి సంతోషింపబోగా ఆమె, "బుట్ట కాదమ్మా, ఇది సూడండి" అని నవ్వి, వీపున కొంగుతో కట్టుకొన్న బిడ్డను చూపినది. వానిని మోసికొని కొండ యెక్కితినని, నడుమ ఒక్కతావునను కూర్చుండలేదని చెప్పినది. బిడ్డను మోయుచు పండ్లు కోయవలసి వచ్చుట మంచిదా యని మా మనస్సున కలుక్కుమన్నది. శిశుశాల యున్న ఆ మోత గూడ తప్పెడిదే. అయినను ఆమె ముఖమున నాడు చూచిన పాలిపోయిన రంగు లేదు.

రేపు ఉదయము కాఫీ కలుపుకొనునపుడు సోదరీమణులు ఒక్కనిమిషము ఆ చేతిని తలంచుకొందురుగాక. పిదప తమ యింటిలో పనిచేయు చేతులను – తమవానితో గూడ – ఒక్కమారు పరీక్షగ చూచుకొందురుగాక.